బాల్యం చేసే గాయం, ఊరు కట్టే కట్టు

పసిఫిక్ మహాసముద్రం నడుమ, హవాయి దీవుల వరుసలో కవాయి అనే చిన్న దీవి ఉంది. 1955లో అక్కడ చెరకు తోటలే చాలామందికి బతుకుతెరువు. జపాన్ నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి, పోర్చుగల్ నుంచి కూలికి వలస వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు, వాటి పక్కనే స్థానిక హవాయి కుటుంబాలు ఉండేవి. ఆ ఏడాది దీవిలో పుట్టిన పిల్లలు 698 మంది. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచే వాళ్ల వివరాలు రాసుకోవడం మొదలైంది. ఏడాది నిండినప్పుడు, రెండేళ్లప్పుడు, పదేళ్లప్పుడు, పద్దెనిమిదేళ్లప్పుడు, ముప్పై రెండేళ్లప్పుడు, నలభై ఏళ్లప్పుడు పరిశోధకులు మళ్లీ మళ్లీ వాళ్లను వెతుక్కుంటూ వెళ్లారు. ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆ దీవిలోనే పనిచేసిన రూత్ స్మిత్ తమ జీవితంలో పెద్ద భాగాన్ని ఈ పనికి ధారపోశారు.

ఇందులో కొత్తదనం ఏమిటంటే, ఈ లెక్క ముందు నుంచి మొదలైంది. అంతకుముందు బాల్యానికీ మానసిక ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని చాలావరకు వెనక్కి తిరిగి చూసే చెప్పేవారు. ఆసుపత్రికి వచ్చిన రోగినో, జైల్లో ఉన్న ఖైదీనో కూర్చోబెట్టి చిన్నతనం ఎలా గడిచిందని అడిగేవారు. తండ్రి తాగి వచ్చి కొట్టేవాడనో, తల్లి ఎప్పుడూ మంచం పట్టి ఉండేదనో సమాధానం వచ్చేది. దాంతో అలాంటి ఇంట్లో పెరిగితే ఇలాగే తయారవుతారన్న తీర్మానానికి వచ్చేసేవారు. ఆసుపత్రి గుమ్మం దగ్గర కూర్చుని లెక్కపెడితే పడిపోయినవాళ్లే కనిపిస్తారు. అలాంటి ఇంట్లోనే పెరిగి నిలదొక్కుకున్న మనిషి ఆ గుమ్మం తొక్కడు. అతను లెక్కకే రాడు. కవాయిలో మాత్రం ఒక ఏడాది కాన్పులన్నీ లెక్కలోకి వచ్చాయి కాబట్టి, పడినవాళ్లతో పాటు నిలిచినవాళ్లూ కనిపించారు.

ఆ పిల్లల్లో దాదాపు 30 శాతం మంది పేదరికంలో పుట్టారు. కొందరి కాన్పులు కష్టమయ్యాయి. కొందరి ఇళ్లలో నిత్యం గొడవలు, తండ్రి తాగుడు, తల్లికి మానసిక జబ్బు, తల్లిదండ్రులు విడిపోవడం. రెండేళ్లు నిండేలోపే ఇలాంటి కష్టాలు నాలుగో అంతకంటే ఎక్కువో చుట్టుముట్టిన పిల్లల్లో మూడింట రెండు వంతుల మంది అనుకున్నట్టే దెబ్బతిన్నారు. పదేళ్లకల్లా చదువులోనో ప్రవర్తనలోనో వెనకబడ్డారు, లేదంటే పద్దెనిమిది నిండేలోపు నేరాల్లోనో మానసిక సమస్యల్లోనో చిక్కుకున్నారు. మిగిలిన ఒక వంతు, అంటే 72 మంది, అదే పేదరికంలో, అవే గొడవల మధ్య పెరిగి కూడా పనిచేసుకునే, ప్రేమించగలిగే, ఇతరులను పట్టించుకునే మనుషులయ్యారు. నలభై ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో ఒక్కరు కూడా నిరుద్యోగులుగా లేరు, ఒక్కరిపైనా పోలీసు కేసు లేదు.

ఈ 72 మందికి కలిసొచ్చిందేమిటన్నదే వెర్నర్ జీవితమంతా అడిగిన ప్రశ్న. దానికి దొరికిన సమాధానంలో మొదటి భాగం కొంచెం ఇబ్బంది పెట్టేదే. వీళ్లలో చాలామంది పసితనంలోనే సులువుగా ఊరుకునే, పలకరిస్తే నవ్వే పిల్లలు. అలాంటి బిడ్డను ఎత్తుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఎక్కువమంది ఎత్తుకుంటే బిడ్డ మరింత నవ్వుతుంది. పుట్టుకతో వచ్చిన స్వభావానికి పాత్ర లేదనడం నిజాయితీ కాదు. అయితే స్వభావం ఒక్కటే ఎవరినీ గట్టెక్కించలేదు. ఆ నవ్వుకు బదులు నవ్వే మనిషి ఎదురుగా ఉండాలి కదా.

సమాధానంలో రెండో భాగం అదే. ఈ 72 మందికీ కన్నతల్లో తండ్రో ఆసరా ఇవ్వలేని పరిస్థితుల్లో కూడా కనీసం ఒక్క పెద్ద మనిషి నిలకడగా దొరికారు. చాలాసార్లు అమ్మమ్మో నానమ్మో, తాతయ్యో. కొన్నిసార్లు అక్క, మేనత్త, మేనమామ. ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటి ముసలావిడ, బడిలో ఒక టీచరు, చర్చిలో ఒక పెద్దాయన. హవాయి వాళ్లు కుటుంబాన్ని ‘ఒహానా’ అంటారు. రక్తసంబంధం ఉన్నవాళ్లతో పాటు లేనివాళ్లు కూడా అందులో ఇమిడిపోతారు. కన్నవాళ్లు పెంచలేని బిడ్డను తాతలో బంధువులో తెచ్చుకుని పెంచుకునే ‘హానై’ అనే పాత ఆచారం కూడా అక్కడ ఉంది. ఆచారం ఉందని ప్రతి బిడ్డకూ ఆశ్రయం దొరికిందని చెప్పలేం. కానీ బిడ్డను కన్నవాళ్లే పెంచి తీరాలన్న పట్టింపు లేని చోట, ఇంకొకరి గుమ్మంలో అడుగుపెట్టడం పిల్లలకు తేలికే అయి ఉండాలి.

ఇంకో విషయం కూడా తేలింది. ఈ పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఏదో ఒక పని బాధ్యతగా ఉండేది. తమ్ముణ్ణో చెల్లెల్నో చూసుకోవడం, తల్లి పనికి వెళ్తే అన్నం వండిపెట్టడం. బాలకార్మిక వ్యవస్థను చూసిన తెలుగు పాఠకుడికి ఈ మాట వినగానే సందేహం కలగడం న్యాయమే. పిల్లవాడి చదువునూ ఆటనూ మింగేసే చాకిరీ వేరు. ‘నువ్వు లేకపోతే ఈ ఇల్లు గడవదు’ అన్న గుర్తింపుతో చేసే చిన్న పని వేరు. రెండోది పిల్లవాడికి తాను పనికొచ్చేవాణ్ణన్న నమ్మకం ఇస్తుంది. కష్టాల్లో ఉన్న ఇంట్లో పిల్లలకు అన్నిటికంటే ముందు పోయేది ఆ నమ్మకమే.

నిలిచినవాళ్లు ఊరికే నిలవలేదు, మూల్యం చెల్లించారు. పెద్దయ్యాక వాళ్లలో కొందరికి నడుము నొప్పి, కళ్లు తిరగడం, కడుపులో పుండ్లు లాంటి ఒత్తిడి జబ్బులు కనిపించాయి. ఇంకొందరు మనసును కాపాడుకోవడానికి కన్నవాళ్ల నుంచే దూరం జరిగారు. దగ్గరి బంధాల్లో కూడా కొంత ఎడం పాటించడం వాళ్లకు అలవాటైంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. కష్టాల్లో పెరిగిన పిల్లల్ని చూసి ‘వీడు గట్టివాడు, ఎలాగైనా బతికేస్తాడు’ అని మెచ్చుకోవడం మనకు అలవాటు. మెచ్చుకోలులా వినిపించే ఆ మాట వెనక ఒక బాధ్యత తప్పించుకోవడం ఉంది. ఎలాగైనా బతికేస్తాడు కాబట్టి ఇక ఎవరూ పట్టించుకోనక్కర్లేదన్నమాట. కవాయి పిల్లల గట్టితనం వాళ్ల ఎముకల్లో మాత్రమే లేదు. పక్కింటివాళ్లలో, అమ్మమ్మలో, పంతులులో ఉంది. ఆ మనుషుల్ని తీసేస్తే అది కూడా పోతుంది.

ఒక్క మనిషి తోడుకు ఇంత శక్తి ఎలా వచ్చింది? దీనికి పరిశోధనశాలలో దొరికిన జవాబును ఇంట్లో కూడా చూడవచ్చు. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిన్న ప్రయోగం చేశాడు. తల్లి బిడ్డకు ఎదురుగా కూర్చుని కాసేపు ఎప్పటిలాగే ఆడిస్తుంది. తర్వాత ఒకసారి ముఖం తిప్పుకుని, మళ్లీ బిడ్డ వైపు తిరిగి, ఏ భావమూ లేని ముఖంతో కదలకుండా కూర్చుంటుంది. అలా రెండు మూడు నిమిషాలే. బిడ్డకు క్షణాల్లోనే తేడా తెలిసిపోతుంది. ముందు నవ్వుతుంది, ఎప్పుడూ పనిచేసే నవ్వు కదా. తల్లి కదలదు. చేతులు చాస్తుంది, గొంతు చేస్తుంది, ముందుకు వంగుతుంది. అప్పటికీ తల్లి కదలదు. చివరికి బిడ్డ చూపు పక్కకు తిప్పుకుంటుంది, భుజాలు వాలిపోతాయి, కొందరు పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు. తల్లి మళ్లీ మామూలుగా పలకరించగానే బిడ్డ నెమ్మదిగా తేరుకుంటుంది. తేరుకోవడంలో కూడా కాస్త బెట్టు, కాస్త అనుమానం ఉంటాయి.

ఆ తేరుకోవడమే అసలు సంగతి. తల్లిదండ్రులు ఒక్క క్షణం కూడా ముఖం చిట్లించకూడదని దీని అర్థం కాదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే బిడ్డ ఏడుపు ఒక నిమిషం ఆగాల్సిందే. తెగిన దారం మళ్లీ ముడిపడుతుందని బిడ్డ రోజుకు పదిసార్లు నేర్చుకుంటుంది. తల్లి కుంగుబాటులో మునిగి ఉంటే, ఇల్లంతా భయంతో బిగుసుకుపోయి ఉంటే ఆ ముడి పడదు. ఆ నిశ్చలమైన ముఖమే బిడ్డకు రోజూ కనిపించే ముఖమైపోతుంది.

శరీరంలో జరిగేది కూడా ఇలాంటిదే. భయం వేసినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, కార్టిసాల్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. ప్రమాదం తప్పాక అది దిగిపోవాలి. పసిపిల్లలకు దాన్ని దించుకునే శక్తి సొంతంగా ఉండదు. పెద్దవాళ్ల ఒడి, గొంతు, స్పర్శ దాన్ని దించుతాయి. కొన్నేళ్లపాటు పెద్దవాళ్లు దించితే తర్వాత బిడ్డ తనంతట తాను దించుకోవడం నేర్చుకుంటుంది. ఎవరూ దించకపోతే ఆ హెచ్చరిక గంట మోగుతూనే ఉంటుంది. అలా ఎడతెగకుండా మోగితే భయాన్ని పసిగట్టే మెదడు భాగాలు అతిగా మేల్కొని ఉంటాయి. ఆలోచించి అదుపు చేసుకునే భాగాలు సరిగ్గా ఎదగవు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పిల్లల ఎదుగుదలపై పనిచేసిన వైద్యుడు జాక్ షాంకాఫ్ బృందం ఒత్తిడిని మూడు రకాలుగా విడదీసింది. బడిలో మొదటిరోజు లాంటి మేలుచేసే ఒత్తిడి, తాతయ్య చనిపోవడం లాంటి తట్టుకోగలిగే ఒత్తిడి, విషంగా మారే ఒత్తిడి. రెండోదానికీ మూడోదానికీ మధ్య గీత గీసేది కష్టం ఎంత పెద్దదన్నది మాత్రమే కాదు, ఆ కష్టంలో పక్కన పెద్దవాళ్లు ఉన్నారా లేరా అన్నది కూడా. ఒకే దెబ్బ ఒక బిడ్డకు మానిపోయే గాయమవుతుంది, ఇంకో బిడ్డకు ఎన్నాళ్లయినా మానని పుండవుతుంది.

తెలుగు ఊరిలో ఇలాంటి ఒక సాయంత్రాన్ని ఊహించుకోవచ్చు. తండ్రి తాగుడు సంగతి ఊరందరికీ తెలుసు. ఎనిమిదేళ్ల పిల్లవాడు బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి మూలకు విసిరి, అన్నం వద్దని అరుగు మీద కూర్చుంటాడు. ఏమైందని అమ్మమ్మ నిలదీయదు. చేటలో వేరుశనక్కాయలు వేసుకుని వచ్చి పక్కన కూర్చుని ఒలుస్తుంది. గింజలు వాడి వైపు జరుపుతుంది. పావుగంటకు వాడు ఒక గింజ తీసుకుంటాడు. అరగంటకు నోరు విప్పుతాడు. బడిలో ఎవరో తన తండ్రిలా తూలుతూ నడిచి చూపించారట, అందరూ నవ్వారట. నేను మంచిగా చదివితే నాన్న తాగడం మానేస్తాడా అమ్మమ్మా అని అడుగుతాడు. ఆమె చేతిలో పని ఆపి, ‘మీ నాన్న తాగడం నీ వల్ల కాదు నాయనా, నువ్వు చదివినా చదవకపోయినా అది నీ తప్పు కాదు’ అంటుంది.

పైకి ఏమీ జరిగినట్టు ఉండదు. తండ్రి ఆ రాత్రి కూడా తాగే వస్తాడు. కానీ ఆ అరగంటలో బిడ్డ ఒంట్లోని భయం దిగింది, మాట బయటికి వచ్చింది, తప్పు తనది కాదని ఒక పెద్ద నోటి నుంచి విన్నాడు. ఇంట్లో జరిగే చెడుకు తామే కారణమని పిల్లలు అనుకుంటారు. చిన్న వయసులో లోకమంతా తమ చుట్టూ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది కాబట్టి అది సహజం. ఆ అపరాధభావం ఎవరూ తీసివేయకుండా ముప్పై ఏళ్లు లోపలే ఉండిపోతే, అది పెద్దయ్యాక ‘నాలోనే ఏదో లోపం ఉంది’ అన్న కుంగుబాటై పైకి వస్తుంది.

ఆ ఒక్క మనిషి అసలే లేకపోతే ఏమవుతుందో రొమేనియా చరిత్ర చూపించింది. నికొలాయ్ చౌషెస్కు ప్రభుత్వం జనాభా పెంచాలని 1966లో గర్భస్రావాలను నిషేధించింది. పెంచుకోలేని కుటుంబాలు పిల్లల్ని ప్రభుత్వ సంస్థలకు అప్పగించాయి. 1989లో ఆ ప్రభుత్వం కూలేనాటికి లక్షకు పైగా పిల్లలు అలాంటి సంస్థల్లో ఉన్నారు. తిండి ఉంది, మంచం ఉంది, పైకప్పు ఉంది. బట్టలు మార్చడానికి, తిండి పెట్టడానికి గంట ప్రకారం మనుషులు వచ్చి వెళ్లేవారు. ‘ఈ బిడ్డ నాది’ అనుకునే మనిషి మాత్రం లేదు. ఏడిస్తే ఎవరూ రారని తెలిసిన పిల్లలు ఏడవడం మానేశారు. ఆ గదుల్లోకి అడుగుపెట్టినవాళ్లను ఆ నిశ్శబ్దమే ఎక్కువగా కలవరపెట్టింది.

2000 తర్వాత బుకారెస్ట్‌లో చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే పరిశోధకులు 136 మంది పసిపిల్లలను తీసుకుని, సగం మందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాలకు చేర్చారు. ఆ రోజుల్లో అక్కడ అలాంటి కుటుంబాల ఏర్పాటు దాదాపు లేదు కాబట్టి దాన్ని వాళ్లే తయారుచేయాల్సి వచ్చింది. ఇంట్లో పెరిగిన పిల్లల తెలివితేటలు, మాట, మనుషులతో బంధం, అన్నీ సంస్థలో ఉండిపోయిన పిల్లల కంటే మెరుగుపడ్డాయి. రెండేళ్లు నిండకముందే ఇంటికి చేరినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. ఎనిమిదేళ్ల వయసులో పరీక్షిస్తే, అలా ముందుగా చేరిన పిల్లల మెదడులోని విద్యుత్ తరంగాలు ఎన్నడూ అనాథాశ్రమం చూడని పిల్లల తరంగాలకు దగ్గరగా ఉన్నాయి. ప్రేమ అనే మాటకు శాస్త్రం ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇవ్వలేదేమో.

బాల్యపు కష్టాల గురించి ఇవాళ ఎక్కువగా వినిపించే అధ్యయనం మాత్రం ఇంకొకటి. అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే వైద్యుడు స్థూలకాయం తగ్గించే చికిత్సాలయం నడిపేవాడు. బరువు బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసి వెళ్లిపోవడం ఆయనకు అర్థం కాలేదు. వాళ్ల జీవితకథలు అడిగితే, చాలామంది చిన్నతనంలో లైంగిక హింసకు గురయ్యారని తెలిసింది. ఆ దిగ్భ్రాంతి నుంచి, రాబర్ట్ ఆండా అనే పరిశోధకుడితో కలిసి 17,000 మందికి పైగా పెద్దలను ప్రశ్నించిన అధ్యయనం పుట్టింది. తొలి ఫలితాలు 1998లో వచ్చాయి. కొట్టడం, తిట్టడం, లైంగిక హింస, నిర్లక్ష్యం, ఇంట్లో తాగుడు, తల్లిపై హింస, జైలుకు వెళ్లిన మనిషి ఉండటం, ఇలా పది రకాల అనుభవాల జాబితా దీని నుంచే స్థిరపడింది. మూడింట రెండు వంతుల మందికి కనీసం ఒకటైనా ఎదురైంది. నాలుగూ అంతకంటే ఎక్కువ ఎదురైనవాళ్లకు మద్యానికి బానిస కావడం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం లాంటి ముప్పులు ఒక్కటీ ఎదురవని వాళ్లకంటే నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువగా కనిపించాయి. వాళ్లేమీ నిరుపేదలు కారు, వైద్య బీమా ఉన్న, ఎక్కువమంది కాలేజీ మెట్లెక్కిన మనుషులు. మూసిన తలుపుల వెనక ఏం జరుగుతుందో వీధికి తెలియదని ఈ సంఖ్యలు చెప్పాయి.

అయితే ఈ లెక్కను ఇప్పుడు జాతకచక్రంలా వాడటం మొదలైంది. పది ప్రశ్నలకు జవాబులిచ్చి, ‘నాకు ఆరు వచ్చాయి, ఇక నా బతుకు ఇంతే’ అనుకునేవాళ్లున్నారు. ఇది ప్రమాదకరమైన పొరపాటు. వేలమంది గుంపులో ముప్పు ఎంత పెరుగుతుందో ఆ సంఖ్య చెబుతుంది, ఒక మనిషి భవిష్యత్తు చెప్పలేదు. విడివిడి మనుషులను జల్లెడపట్టడానికి దాన్ని వాడకూడదని ఆండాయే 2020లో సహ రచయితలతో కలిసి హెచ్చరించాడు. పైగా ఆ జాబితా ఎన్ని దెబ్బలు తగిలాయో అడుగుతుంది, ఎవరు పక్కన నిలిచారో అడగదు. అమ్మమ్మ చేటలో వేరుశనక్కాయలకు అందులో గడి లేదు.

ఆసరా అంటే ప్రేమ ఒక్కటే అనుకుంటే అది కూడా పొరపాటే. అమెరికాలోని ఉత్తర కరొలైనా పర్వత ప్రాంతంలో జేన్ కాస్టెల్లో అనే పరిశోధకురాలి బృందం 1993 నుంచి 1,420 మంది పిల్లల మానసిక ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చింది. వాళ్లలో దాదాపు నాలుగో వంతు చెరోకీ అనే అమెరికా ఆదివాసీ తెగ పిల్లలు. అధ్యయనం నడుస్తుండగానే ఆ తెగ తమ నేల మీద కాసినో అనే జూదశాల ఒకటి తెరిచి, లాభంలో కొంత భాగాన్ని ఆరునెలలకోసారి తెగలోని అందరికీ పంచడం మొదలుపెట్టింది. ఎవరూ తలపెట్టని ప్రయోగం దానంతటదే జరిగిపోయింది. పేదరికం నుంచి బయటపడ్డ కుటుంబాల పిల్లల్లో కోపం, దూకుడు, మాట వినకపోవడం లాంటి లక్షణాలు కొన్నేళ్లలోనే ఎన్నడూ పేదరికం చూడని పిల్లల స్థాయికి తగ్గాయి. ఆందోళన, కుంగుబాటు మాత్రం అంత త్వరగా కదలలేదు. అయితే డబ్బు రావడం మొదలైనప్పుడు అందరికంటే చిన్నవాళ్లుగా ఉన్నవాళ్లు పెద్దయ్యాక మానసిక సమస్యల బారిన తక్కువగా పడ్డారు.

డబ్బు పిల్లవాడి మనసుకు ఏ దారిన చేరింది? తల్లిదండ్రులకు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే తీరిక చిక్కడమే ముఖ్యమైన కారణంగా తేలింది. తీరిక అనేది సంపన్నులకు కనిపించని సొత్తు. ఉదయం నాలుగింటికి లేచి అడ్డా మీద నిలబడే తల్లికి బిడ్డ ముఖం చదివే ఓపిక రాత్రి ఎనిమిదింటికి ఎక్కడి నుంచి వస్తుంది? ఆమెకు పిల్లల పెంపకంపై ఉపన్యాసం ఇవ్వడం అన్యాయం. ఆమె కూలిని, ఆమె రేషన్‌ను, ఆమె పనివేళలను సరిచేయడం కూడా పిల్లల మానసిక వైద్యమే.

తెలుగు నేల మీద కూడా కవాయిని గుర్తుచేసే సుదీర్ఘ పరిశీలన ఒకటి ఉంది. యంగ్ లైవ్స్ అనే అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాం పిల్లలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన దాదాపు 3,000 మంది పిల్లలను 2002 నుంచి అనుసరిస్తోంది. దాని ప్రధాన విషయం పేదరికం. కానీ పేదరికం చుట్టూ తిరిగే జీవితాల్లో పెంపకం సంగతి రాకుండా ఉండదు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి తల్లిదండ్రులు పనికోసం వలస వెళ్తారు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి తండ్రులు గల్ఫ్‌కు వెళ్తారు. పిల్లలు అమ్మమ్మ, నానమ్మల దగ్గర మిగులుతారు. కవాయిలో కనిపించిన ఆ ‘ఒక్క మనిషి’ ఇక్కడ చాలా ఇళ్లలో వృద్ధాప్య పింఛనుతో, మోకాళ్ల నొప్పులతో ముగ్గురు మనవలను సాకుతున్న ముసలమ్మ. ఆమె మీద భారమంతా వేసి ‘మన కుటుంబ వ్యవస్థ గొప్పది’ అని చేతులు దులుపుకోవడం సరికాదు. ఆమె మందులు ఆగిపోయినా, ఆమె ఆసుపత్రి పాలైనా ఆ ముగ్గురు పిల్లల ప్రపంచం కూలుతుంది. అమ్మమ్మలను కాచుకోవడం కూడా పిల్లలను కాచుకోవడమే.

అందుకే ఇంటికి బయట ఉన్న మనుషులు ముఖ్యం. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రతి ఊరికీ అంగన్‌వాడీ అనే మాటను ఇచ్చింది. కోడిగుడ్డు, పాలు, తూకం, టీకాలతోనే దాన్ని కొలుస్తున్నాం. నిజానికి అక్కడి టీచరు, ఆయా ఆరేళ్లలోపు పిల్లల్ని రోజూ చూసే మనుషులు. నిన్నటిదాకా గెంతిన పిల్ల ఇవాళ మూల కూర్చుంటే మొదట గమనించేది వాళ్లే. ఆ చూపుకు ప్రభుత్వ రిజిస్టర్లలో గడి లేదు. రాయాల్సిన రిజిస్టర్లు మాత్రం బోలెడున్నాయి.

పిల్లలు పెద్దయ్యేకొద్దీ ఈ లోటు పెరుగుతుంది. తెలుగు రాష్ట్రాల్లో టీనేజీ మొదలయ్యేసరికే లక్షలమంది పిల్లలు హాస్టళ్లకు వెళ్తారు. కొందరు సంక్షేమ గురుకులాలకు, కొందరు ఇంటర్మీడియట్ కోసం ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీలకు. గురుకులం ఎందరో పేద పిల్లల బతుకు మార్చిందన్నది నిజం. కానీ వందల మంది పిల్లలున్న హాస్టల్లో రాత్రి పదింటికి ఒక పిల్ల గోడవైపు తిరిగి ఏడుస్తుంటే, అది తెలిసే పెద్ద మనిషి ఎవరు? ర్యాంకుల పట్టికలో ఎన్నో నంబరో అందరికీ తెలుసు, ఇంటి నుంచి ఫోను వచ్చి ఎన్ని రోజులైందో ఎవరికీ తెలియదు. ఫలితాలు వచ్చిన వారంలో ఆత్మహత్యల వార్తలు చదివి ‘ఈ తరం సున్నితమైపోయింది’ అని తీర్పు చెప్పడం క్రూరం. వాళ్ల చుట్టూ ఉండాల్సిన మనుషుల్ని తీసేసి, వాళ్లకు గట్టితనం లేదంటున్నాం.

కొట్టి చెబితేనే చదువు వస్తుందన్న నమ్మకం కూడా ఇంకా పోలేదు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని స్పష్టంగా నిషేధించింది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను ఎన్నో బెత్తాలు ఆసరాగా తెచ్చుకున్నాయి. ఆ సామెతలో మొదటి సగం నిజమే, చిన్నప్పటి ప్రభావం లోతైనది. రెండో సగాన్ని కవాయి పిల్లలే తప్పని చూపించారు.

పద్దెనిమిదేళ్లకు నేరాల్లో, గొడవల్లో, చిన్న వయసు గర్భాల్లో చిక్కుకున్న ఆ మూడింట రెండు వంతుల పిల్లల్ని ముప్పై రెండేళ్లకు, నలభై ఏళ్లకు మళ్లీ చూసినప్పుడు, ఎక్కువమంది గట్టెక్కి కనిపించారు. గట్టెక్కించినవి పెద్ద పెద్ద సంగతులేమీ కావు. మధ్యలో ఆపిన చదువు పూర్తిచేసే స్థానిక కాలేజీ, సైన్యంలో ఉద్యోగం, నిలకడైన మనిషితో పెళ్లి, ఒక భక్తసమాజం, ప్రాణాంతకమైన జబ్బు నుంచి బయటపడటం. మానసిక చికిత్స వల్లే బాగుపడ్డామని చెప్పినవాళ్లు చాలా కొద్దిమంది. అంతమాత్రాన చికిత్స వృథా అని కాదు, తీవ్రమైన జబ్బుకు వైద్యుడూ మందూ ఉండాల్సిందే. అయితే వైద్యుడి గది దాకా రాని వేలమందిని గట్టెక్కించేది తెరిచి ఉన్న తలుపే. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ చేసింది అలాంటి పనే. పనిలో మునిగిపోయి బడి దాటిపోయిన పిల్లలకు బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టి, వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టింది. ఆ పిల్లవాడు మళ్లీ పనిలోకి పోకుండా చూసే బాధ్యతను ఊరి యువకులు, పంచాయతీ, ఉపాధ్యాయులు పంచుకున్నారు. దాన్ని బాలకార్మిక నిర్మూలన అన్నారు. మానసిక ఆరోగ్య కార్యక్రమం అని ఎవరూ అనలేదు, అనాల్సింది.

మాట్లాడే మనిషి దొరకని రాత్రి కోసం 2022 అక్టోబర్ నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ ఉంది. 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. హింసలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. ఈ రెండు సంఖ్యలు ప్రతి హాస్టల్ గోడ మీద, పిల్లలకు అందే ఫోను పక్కన పెద్ద అక్షరాలతో ఉండాలి.

దీనికంటే సులువైన పని కూడా ఒకటుంది. అమెరికాలో కొన్ని బడుల్లో ఒక మధ్యాహ్నం ఉపాధ్యాయులు, సిబ్బంది అందరూ ఒక గదిలో చేరతారు. పిల్లలందరి పేర్లూ గోడ మీద అంటించి ఉంటాయి. ఎవరితో తనకు నిజమైన చనువు ఉందో, ఏ పిల్లవాడు కష్టం వస్తే తన దగ్గరికి వస్తాడో ఆ పేరు పక్కన ప్రతి ఒక్కరూ ఒక చుక్క పెడతారు. మాట్లాడుకోరు. కొన్ని పేర్ల పక్కన ఆరేడు చుక్కలు పడతాయి, సాధారణంగా అవి చురుకైన పిల్లల పేర్లు. కొన్ని పేర్ల పక్కన ఒక్క చుక్క కూడా ఉండదు. గదిలో అందరూ ఆ ఖాళీ పేర్లను చూస్తారు. తర్వాత ఒక్కొక్క ఖాళీ పేరుకు ఒక పెద్ద మనిషిని కేటాయిస్తారు. రోజూ పేరుపెట్టి పలకరించడం, రెండు నిమిషాలు ఆగి వినడం, రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కోవడం ఆ మనిషి పని. వంటమనిషి అయినా, కాపలాదారు అయినా సరే. మన గురుకులాల్లో, కాలేజీ హాస్టళ్లలో ఈ పనికి ఒక తెల్ల చార్టు, కొన్ని స్కెచ్ పెన్నులు, ఒక శనివారం మధ్యాహ్నం చాలు.